ఐదు వేల ట్యాంకరులో ఎన్ని లీటర్లు?

మార్చి రెండో వారం దాటిందంటే చాలు, మా కాలనీలో తెల్లారి ఐదింటికే ట్రాక్టర్ల చప్పుడు మొదలవుతుంది. హైదరాబాదు శివార్లలో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి ఈ చప్పుడు గురించి విడిగా చెప్పక్కర్లేదు. బోరు ముందు సన్నగా పోస్తుంది, తర్వాత బురద కక్కుతుంది, ఆ తర్వాత గాలి తప్ప ఏమీ రాదు. అక్కణ్నుంచి వానలు పడేదాకా మా స్నానాలు, వంటలు, బట్టలు ఉతుక్కోవడాలు అన్నీ ట్రాక్టరు వెనక వచ్చే గుండ్రటి ఇనప ట్యాంకు దయ.

ఆ ట్యాంకుని మేమంతా ‘ఐదు వేల ట్యాంకరు’ అంటాం. సప్లై చేసేవాళ్లు అదే పేరు చెబుతారు, రిజిస్టర్లో అదే రాస్తారు, నెలాఖరున మెయింటెనెన్స్ లెక్కల్లోనూ అదే వేస్తారు. దాంట్లో నిజంగా ఐదు వేల లీటర్లు పడతాయా అని మా బిల్డింగులో ఎవరికీ సందేహం రాలేదు. వచ్చిన సందేహం వేరొకటి. ఆ నీళ్లు మా సంపులోకి పూర్తిగా చేరుతున్నాయా, లేక మధ్యలో ఎవరైనా మింగుతున్నారా అని. ఆ ‘ఎవరైనా’ మా వాచ్‌మన్ అని తేల్చేయడానికి మా కమిటీకి అరగంట పట్టింది.

జరిగింది ఇదీ. రెండేళ్ల కిందట ఉగాదికి ముందు మా సంపు కడిగించారు. అడుగంటా తుడిచి, మోటారు ఆపేసి, ఒకే రోజు ఆరు ట్యాంకర్లు తెప్పించారు. మా సంపు కొలతలు బిల్డరు ఇచ్చిన ప్లానులోనే ఉన్నాయి. పొడవు 4 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, నీళ్లు నిలబడే ఎత్తు రెండున్నర మీటర్లు. మూడూ గుణిస్తే 30 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు కాబట్టి 30,000 లీటర్లు. ఐదు వేల చొప్పున ఆరు ట్యాంకర్లు పోస్తే సరిగ్గా అంచుదాకా నిండాలి. సాయంత్రం మూత తీసి చూస్తే ఇంకా మోకాలెత్తు ఖాళీ ఉంది. టేపు పెడితే 46 సెంటీమీటర్లు.

46 సెంటీమీటర్లంటే 5,500 లీటర్లకు పైనే. అంటే ఒక ట్యాంకరు మొత్తం, ఇంకా కాస్త. ఆ రోజంతా గేటు దగ్గర ఉన్నది వాచ్‌మన్ ఒక్కడే. మా పక్క ప్లాటులో ఇల్లు కడుతున్నారు, వాళ్లకీ నీళ్ల కరువే. ఇంకేం కావాలి? ‘ఆరు వచ్చాయని సంతకం పెట్టి, ఒకటి పక్క సైటుకి మళ్లించాడు’ అని వాట్సాప్ గ్రూపులో ఒకరు రాశారు. రాత్రయ్యేసరికి పదహారు మంది బొటనవేలు పెట్టారు. ట్యాంకరు డబ్బు 1,200 జీతంలో కోసేసి, నెలాఖరుకి పంపించేద్దాం అన్నారు.

ఆయనది పాలమూరు వైపు. పార్కింగులో మెట్ల కింద ఒక గది, అందులో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఉద్యోగం పోవడమంటే వాళ్లకి అదే రోజు ఇల్లు పోవడం. పిల్లలకి పరీక్షలు నడుస్తున్నాయి. మర్నాడు ఆఫీసుకి వెళ్తూ బండి తీస్తుంటే నా దగ్గరికొచ్చాడు.

“మేడం, నేను ఒక్క బిందె గూడ బయటికియ్యలే. ఆరు ట్యాంకర్లు నా కండ్ల ముంగటనే పోసిండ్రు. ఎప్పుడొచ్చినా గంతే వస్తది మేడం, ఒక మెట్టు, మీద రెండేళ్లు.”

“ఏం మెట్టు అన్నా?”

“సంపుల దిగనీకి గోడకు ఇనప మెట్లున్నయి గదా. ట్యాంకరు పోసినంక చూస్తే ఒక మెట్టు మునుగుతది, ఆ మీద రెండేళ్ల నీళ్లు. మూడేండ్ల సంది చూస్తున్న. నన్నెవరు అడగలే.”

మెట్టుకీ మెట్టుకీ మధ్య ఒక అడుగు. అంటే 30 సెంటీమీటర్లు. రెండేళ్లు కలిపితే 34 దాకా. మా సంపు అడుగు వైశాల్యం 12 చదరపు మీటర్లు కాబట్టి ఒక్కో సెంటీమీటరు ఎత్తుకి 120 లీటర్లు. 34 సెంటీమీటర్లంటే 4,080. ఐదు వేలు పడి ఉంటే దాదాపు 42 సెంటీమీటర్లు లేవాలి. ఈయన చెప్పింది నిజమైతే ప్రతి ట్యాంకరూ తొమ్మిది వందల లీటర్లు తక్కువే తెస్తోంది. అప్పుడు ఆరింటికి 46 సెంటీమీటర్ల లోటు దానంతటదే వస్తుంది, ఎవరూ దొంగతనం చెయ్యక్కర్లేదు.

అయితే ఒక మెట్టు, రెండు వేళ్లు అని వాచ్‌మన్ చెబితే కమిటీ వినదు. అవి ఆయన కొలతలు, ఆయనే నిందితుడు. సంపుతో సంబంధం లేకుండా ట్యాంకునే విడిగా కొలిచి, రెండు లెక్కలూ ఒకచోట కలుస్తాయేమో చూడాలి. మా ఉద్యోగంలో ఏదైనా సిస్టంలో లెక్క తప్పితే చేసేది కూడా ఇదే. ఇటు వైపు నుంచి ఒకసారి, అటు వైపు నుంచి ఒకసారి లెక్కేస్తాం.

అడ్డంగా పడుకోబెట్టిన ట్యాంకు లెక్క నాకు కొత్త కాదు. మా నాన్న నరసరావుపేట దగ్గర ఒక పెట్రోలు బంకులో ఇరవై ఏళ్లకు పైగా మేనేజరుగా చేశారు. బంకుల్లో పెట్రోలు, డీజిలు నిలవుండే ట్యాంకులు భూమిలో పాతేసి ఉంటాయి. స్తంభంలాంటి ఆకారమే కానీ నిలబెట్టి కాదు, పడుకోబెట్టి. పొద్దున్నే షిఫ్టు మొదలయ్యే ముందు మూత తీసి, అంకెలున్న పొడవాటి కడ్డీ దించి, ఎక్కడిదాకా తడిసిందో చూసి, గదిలో గోడకి అంటించిన చార్టులో దాని ఎదురుగా ఉన్న లీటర్లు రాసుకునేవారు. దాన్ని డిప్ తియ్యడం అంటారు. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ వెళ్లేదాన్ని. ఆ చార్టులో నాకు అర్థం కానిదల్లా ఒకటే. కింద అంకెల దగ్గర సెంటీమీటరుకి కొద్ది లీటర్లే పెరిగేవి, మధ్యలో బాగా పెరిగేవి, పైకి వెళ్లేకొద్దీ మళ్లీ తగ్గిపోయేవి.

“అన్ని సెంటీమీటర్లూ ఒకటి కాదు తల్లీ. ట్యాంకు నడుం దగ్గర సెంటీమీటరుకి బరువెక్కువ” అనేవారు నాన్న. ఇంజినీరింగులో అదే విషయాన్ని సైన్లు, కొసైన్లు పెట్టి చెప్పారు.

ముందు సులువైన సంగతి. మీ డాబా మీదుండే నల్ల ప్లాస్టిక్ ట్యాంకు దాదాపుగా నిలబెట్టిన స్థూపం. దాని లెక్క అందరికీ బళ్లో చెప్పినదే. పై ఇంటూ ఆర్ స్క్వేర్ ఇంటూ హెచ్. అడుగున ఉన్న వృత్తం వైశాల్యం కట్టి, దాన్ని ఎత్తుతో గుణించడం అంతే. పేకముక్కల్లా ఒకే సైజు గుండ్రటి రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. అందుకే అందులో ఎత్తు సగముంటే నీళ్లు సగం, ఎత్తు పావు ఉంటే నీళ్లు పావు.

అదే ట్యాంకుని పడుకోబెట్టండి. నిండుగా ఉంటే లెక్క మారదు. సగం ఉన్నా మారదు. కానీ ఎత్తులో పావు వంతు నీళ్లుంటే ట్యాంకులో ఉన్నది పావు కాదు, 19.6 శాతమే. ముప్పావు ఎత్తుంటే 80.4 శాతం. ఎత్తులో పదో వంతు మాత్రమే ఉంటే 5.2 శాతం. కారణం కంటికే తెలుస్తుంది. అడుగున, పైన ట్యాంకు ఇరుకు, మధ్యలో వెడల్పు. ఈ శాతాలు పడుకోబెట్టిన ఏ గుండ్రటి ట్యాంకుకైనా ఒకటే, చిన్నదైనా పెద్దదైనా. చివరలు మాత్రం బల్లపరుపుగా ఉండాలి.

ఆదివారం ట్యాంకరు వచ్చే వేళకి టేపు, పుస్తకం పట్టుకుని కిందికి దిగాను. నాతోపాటు ప్రెసిడెంటు గారిని కూడా రమ్మన్నాను. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు.

“నీకెందుకమ్మా ఈ గొడవ? వాడు తీసుంటాడు, అందరూ తీసేవాళ్లే” అన్నారు.

“పదే నిమిషాలు అంకుల్. టేపు ఒక కొస మీరు పట్టుకోండి, చాలు” అన్నాను.

ట్యాంకు లోపలికి దూరి వ్యాసం కొలవడం కుదరదు. బయట నుంచి నడుముకి టేపు చుట్టడం సులువు. చుట్టుకొలత 4 మీటర్ల 26 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని 3.1416తో భాగిస్తే బయటి వ్యాసం 1.356 మీటర్లు. రేకు మందం 3 మిల్లీమీటర్లు ఉంది. రెండు పక్కలా కలిపి 6 తీసేస్తే లోపలి వ్యాసం 1.35. పొడవు బయట 3.06, లోపల 3.05. రెండు చివర్లూ పళ్లెంలా ఉబ్బలేదు, చదునుగానే ఉన్నాయి కాబట్టి లెక్క తేలికైంది.

వ్యాసాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, ఆ వచ్చినదాన్ని 785తో గుణిస్తే చాలు, లీటర్లు వచ్చేస్తాయి. పైని నాలుగుతో భాగిస్తే వచ్చే 0.785ని వెయ్యి లీటర్లతో కలిపేస్తే వచ్చినదే ఆ 785. అడుగుల్లో కొలిస్తే 785 బదులు 22.24 వాడండి, ఎందుకంటే ఒక ఘనపు అడుగులో 28.3 లీటర్లుంటాయి. మా లెక్క ఇలా తేలింది. 1.35 ఇంటూ 1.35 ఇంటూ 3.05 ఇంటూ 785. దాదాపు 4,365 లీటర్లు.

అంటే అంచుదాకా, ఒక్క చుక్క కూడా ఇంకా పట్టకుండా నింపినా ఆ ట్యాంకులో 4,365 లీటర్లే. ఐదు వేలు పోద్దామన్నా పోయడానికి దాంట్లో చోటు లేదు.

ప్రెసిడెంటు గారు నమ్మలేదు. “చూస్తే పెద్దదిగానే ఉందిగా?” అన్నారు. అక్కడే ఉంది కిటుకు. పొడవు అదే ఉంచి వ్యాసం పది సెంటీమీటర్లు పెంచి 1.45 చేస్తే ట్యాంకులో పట్టేది 5,030 లీటర్లు దాటుతుంది. పది సెంటీమీటర్లంటే అరచేతి వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ. రోడ్డు మీద పోయే ట్యాంకర్ని చూసి ఆ తేడా ఎవరూ కనిపెట్టలేరు. కానీ వ్యాసం లెక్కలో రెండుసార్లు గుణకారంలోకి వస్తుంది. అందుకే అరచేయంత తేడా ఆరువందల పైచిలుకు లీటర్లయింది.

“22 బై 7 వేస్తే లెక్క పెరుగుతుందేమో చూడమ్మా” అన్నారాయన, బ్యాంకు మనిషి కదా. వేసి చూపించాను. 22 బై 7కీ, 3.1416కీ మధ్య తేడా మా ట్యాంకులో రెండు లీటర్లకు కూడా రాదు. అదే వ్యాసం కొలవడంలో ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ అయితే 65 లీటర్లు మారిపోతాయి. ఆర్యభటుడు 499లోనే వ్యాసం 20,000 ఉంటే చుట్టుకొలత 62,832 అని చెప్పి ఆ పని పూర్తి చేసిపెట్టాడు. ఆ వైపు నుంచి మనకి భయం లేదు. జాగ్రత్త పడాల్సింది టేపు దగ్గరే.

ఇక రెండో సంగతి. ట్యాంకు పైమూత తీసి చూస్తే నీళ్లు అంచుదాకా లేవు. కర్ర దించి కొలిస్తే పైనుంచి 15 సెంటీమీటర్ల ఖాళీ. “చూశావా, ఇక్కడ కూడా కొట్టేశారు, వ్యాసంలో తొమ్మిదో వంతు లేదు, ఐదు వందల లీటర్లు పోయినట్టే” అన్నారు ప్రెసిడెంటు గారు. కాదు. ఈ ఖాళీ ట్యాంకు మెడ దగ్గర, అక్కడ ఇరుకు. అందుకని ఫోన్లో ముందే రాసిపెట్టుకున్న నాలుగు లైన్ల ప్రోగ్రాంలో వేసి చూపించాను. పైనుంచి 5 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే పోయేది 52 లీటర్లు. 10 ఉంటే 146. 15 ఉంటే 265. 20 ఉంటే 403. అదే 15 సెంటీమీటర్ల పట్టీ ట్యాంకు సరిగ్గా నడుం దగ్గర అయితే 615 లీటర్ల దాకా ఉండేది. నాన్న చెప్పిన నడుం బరువు ఇదే.

డ్రైవరు పక్కనే నిలబడి వింటున్నాడు. “అంచుదాంక నింపితే బ్రేకు కొట్టినప్పుడల్లా రోడ్డు మీదనే పోతయి సార్, ఎనకొచ్చే బండోడు తిడతడు” అన్నాడు. నిజమే. నీళ్లు ఊగడానికి కొంత చోటు వదలాలి. ఆ ఖాళీ తప్పు అతనిది కాదు. ట్యాంకు చేయించింది అతను కాదు, దానికి పేరు పెట్టిందీ అతను కాదు. అర్ధరాత్రి నుంచి బోరు దగ్గర క్యూలో ఉండి తెచ్చేవాడు.

4,365లో 265 తీస్తే 4,100. ట్యాంకరు వైపు లెక్క అది. ఇప్పుడు సంపు వైపు. మోటారు ఆపించాం. పోయకముందు సంపులో నీటి మట్టం కొలిచాం, పైపు ఊడదీశాక మళ్లీ కొలిచాం. లేచింది 34 సెంటీమీటర్లు. 120తో గుణిస్తే 4,080. రెండు లెక్కలకీ మధ్య తేడా 20 లీటర్లు. ట్యాంకు అడుగున, పైపులో మిగిలిన నీళ్లు, టేపు పట్టడంలో వచ్చే తేడా, అన్నీ కలిపి ఆ మాత్రం ఉంటుంది.

ఒక మెట్టు, మీద రెండేళ్లు.

ప్రెసిడెంటు గారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి పెన్ను తీసి నా పుస్తకంలోనే 34ని ఆరుతో గుణించారు. 204. రెండు వందల యాభైలోంచి తీశారు. 46. సంపు కడిగిన రోజు సాయంత్రం మేం కొలిచిన ఖాళీ అదే. “అయితే ఆరూ వచ్చాయన్నమాట” అన్నారు మెల్లగా. వాచ్‌మన్ సంపు మూత వేస్తూ విన్నాడో లేదో తెలీదు, తలెత్తలేదు.

కడ్డీ పెట్టి ధర కట్టే పద్ధతి మీద అనుమానం ఇప్పటిది కాదు. గ్రహాలు సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయని చెప్పిన కెప్లర్ 1613లో రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆస్ట్రియాలోని లింజ్‌లో ఉండేవాడు అప్పుడు. ఇంటికి ద్రాక్షసారా పీపాలు తెప్పించుకుంటే, అమ్మేవాడు వచ్చి ప్రతి పీపాకీ ఒకే కడ్డీని నడుం దగ్గరున్న రంధ్రంలోంచి ఏటవాలుగా అడుగు మూల దాకా దించి, తడిసిన గుర్తు చూసి ధర చెప్పేశాడు. పీపా సన్నగా ఉందా, లావుగా ఉందా అన్నది చూడనేలేదు. సన్నటి పొడుగు పీపాకి, లావుపాటి పొట్టి పీపాకి కడ్డీ మీద ఒకే గుర్తు వచ్చినా లోపల సరుకు ఒకటి కాకపోవచ్చు కదా అని కెప్లర్ లెక్క మొదలుపెట్టాడు. 1615లో పీపాల ఘనపరిమాణం మీద ఏకంగా పుస్తకమే వేశాడు. పీపాని పల్చటి పొరలుగా కోసి కలుపుకుంటూ పోయే ఆ ఆలోచన, తర్వాత వచ్చిన క్యాలిక్యులస్‌కి దారి వేసిన వాటిలో ఒకటి. ఇంటర్లో సమాకలనం పాఠం మనల్ని ఏడిపించిందంటే ఆ పీపాలకీ అందులో కొంత పాత్ర ఉంది.

మన దగ్గరా తక్కువేం కాదు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసార సంగ్రహంలో గోతులు, తవ్వకాల కొలతలకి విడిగా ఒక అధ్యాయమే ఉంది. ఆ పుస్తకాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చెరువు తవ్వినవాడికి కూలి కట్టాలన్నా, గాదెలో ధాన్యం లెక్కపెట్టాలన్నా ఈ లెక్క కావాలి. కూలి కట్టే చోట లెక్క తప్పితే నష్టపోయేది ఎప్పుడూ కూలివాడే.

ఆ సాయంత్రం మా కమిటీ మీటింగు జరిగింది. లెక్కంతా ఒక పేజీలో రాసి, ఫొటోలతో సహా ప్రెసిడెంటు గారే చదివారు. జీతంలో కోత వద్దన్నారు. ఉద్యోగం తీసే మాట మళ్లీ ఎత్తలేదు. అయితే వాట్సాప్‌లో బొటనవేళ్లు పెట్టిన పదహారు మందిలో ఒక్కరు కూడా ఆయన దగ్గరికి వెళ్లి ‘పొరపాటు పడ్డాం’ అనలేదు. ప్రెసిడెంటు గారు మాత్రం మర్నాడు పొద్దున సంపు దగ్గర నిలబడి ఆయనతో చాలాసేపు మాట్లాడారు. ఏం మాట్లాడారో నేను అడగలేదు.

సప్లయరుకి ఫోను చేస్తే అతను ఏమాత్రం తడబడలేదు. “అది ఐదు వేల ట్యాంకరే సార్. అందరం అట్లనే పిలుస్తం” అన్నాడు. బేరం ఆడాల్సింది పేరు మీద కాదు కదా. 1,200కి ఐదు వేలంటే లీటరు 24 పైసలు. 4,100 అంటే 29 పైసలు. ఈ తేడా వేసవిలో నెలకి అరవై ట్యాంకర్లకి 54,000 లీటర్లవుతుంది, అంటే పదకొండు ట్యాంకర్ల పేరు చెప్పి గాలి కొన్నట్టు. ఈ మాట చెప్పి, ట్యాంకరుకి వెయ్యి రూపాయలకి ఒప్పించారు మా కమిటీవాళ్లు. అదీ ఒక షరతు మీద. సంపు గోడకి పెయింటుతో సెంటీమీటర్ల గీతలు గీయించాం. లేచిన సెంటీమీటర్లని బట్టే డబ్బు. ట్యాంకు ఎంతదైనా ఇక మాకు పట్టింపు లేదు.

నాన్నకి ఫోన్లో ఇదంతా చెబితే ముందు నవ్వారు. “మా బంకుకి వచ్చే ట్యాంకు లారీ అయితే తూనికలు కొలతలవాళ్లు క్యాలిబ్రేట్ చేసి ముద్ర వేసి, కాగితం ఇస్తేనే కదిలేది. కొలత కోసం వాడే ప్రతి గిన్నెకీ, కడ్డీకీ తనిఖీ ఉండాలి. అనుమానం వస్తే కస్టమరు ఐదు లీటర్ల క్యాను తెప్పించి మా ముందే కొలిపించుకోవచ్చు. నీళ్ల దగ్గరికొచ్చేసరికి ఇవేమీ అడగరేం మరి?” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. లీటరు పెట్రోలుకి వంద రూపాయలు పెడతాం కాబట్టి చుక్క చుక్కా చూసుకుంటాం. నీళ్లు పైసల్లో వస్తాయి కాబట్టి వేలల్లో పోయినా పేరుని నమ్మేస్తాం. తేడా వచ్చినప్పుడు మాత్రం, గేటు దగ్గర అందరికన్నా తక్కువ జీతంతో ఉన్న మనిషి వైపు చూస్తాం.

మీ అపార్ట్‌మెంటుకి కూడా ట్యాంకర్లు వస్తుంటే ఒక ఆదివారం పది నిమిషాలు పెట్టుకోండి. దర్జీ టేపు సరిపోదు, పది మీటర్ల టేపు కావాలి. అది లేకపోతే పురికొస చుట్టి స్కేలుతో కొలుచుకున్నా ఫర్వాలేదు. వ్యాసం జోలికి పోకుండా చుట్టుకొలతతోనే పని కానివ్వాలంటే, చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 79.6తో గుణించండి. అన్నీ మీటర్లలో ఉండాలి. రేకు మందం కూడా కలిసిపోతుంది కాబట్టి వచ్చేది అసలు కన్నా కొద్దిగా ఎక్కువే. మా ట్యాంకుకి అలా వేస్తే 4,420 వచ్చింది, అంటే యాభై లీటర్ల తేడా. మొదటి చూపుకి అది చాలు. ఇంకో మాట. ట్యాంకు కోడిగుడ్డులా నొక్కినట్టుంటే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు లోపలి వెడల్పు, ఎత్తు విడివిడిగా కొలిచి, ఆ రెండిటినీ పొడవుతో గుణించి 785 వేయాలి. సంపు నలుచదరంగా ఉంటే మాత్రం అన్నిటికన్నా సులువు దాంట్లోనే. పొడవు ఇంటూ వెడల్పు ఇంటూ లేచిన ఎత్తు. ఆ కొలతకి ఎవరి మాటా నమ్మక్కర్లేదు, ఎవర్నీ అనుమానించనూ అక్కర్లేదు.

మా వాచ్‌మన్ ఇప్పటికీ మాతోనే ఉన్నాడు. ట్యాంకర్ల రిజిస్టర్లో ఇప్పుడు రెండు గళ్లు పెరిగాయి. ఒకటి ‘పైన ఖాళీ’, రెండోది ‘సంపు లేచింది’. రెండూ ఆయనే కొలిచి, ఆయనే రాస్తాడు. ఖాళీకి ఎన్ని లీటర్లు పోతాయో చెప్పే కాగితం ఆయన గది తలుపుకి అంటించి ఉంది, చాలామటుకు ఆయనకి కంఠతా వచ్చేసింది. గీతలున్నా సరే, ముందు మెట్టు చూసి, వేళ్లు పెట్టి, ఆ తర్వాతే టేపు దించుతాడు. గత వారం నేను ఆఫీసులో ఉండగా ఫోను చేశాడు.

“మేడం, ఇయ్యాల మెట్టు మీద వేలు గూడ ఎక్కలే. ట్యాంకరు మార్చిండ్రు, దీని కడుపు చిన్నగుంది. నేను సంతకం పెట్టలే. సార్‌కు చెప్పిన. మీరొచ్చినంక టేపు వట్టి చూద్దాం.”